ఎర్రనీటి వేళ

రైలు కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి ఇంకా సరిగా తెల్లారలేదు. మా పెట్టెలో సగం మంది అప్పటికే లేచి కిటికీల దగ్గర చేరారు. ఒక పెద్దావిడ రూపాయి బిళ్ళ కళ్ళకద్దుకుని ఊచల సందులోంచి జారవిడిచి, దణ్ణం పెట్టుకుంది. కింద గోదావరి చిక్కటి టీ రంగులో ఉంది. శ్రావణ మాసం. ఎగువ కొండల్లో కురిసిన వానలు అక్కడి మన్నుతో సహా దిగివచ్చే రోజులు. ఈ నీటినే ఇక్కడ ఎర్రనీరు అంటారు.

రాజమండ్రి మా అమ్మ పుట్టిల్లు. నేను పుట్టి పెరిగింది, ఉద్యోగం చేసేది హైదరాబాదులో. శుక్రవారం రాత్రి ఎక్కి, శని, ఆదివారాలుండి, ఆదివారం రాత్రి బండికి తిరిగి వెళ్ళిపోవాలి. మావయ్య ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇంటికి చేరి కాఫీ తాగుతూ, ఈ రెండు రోజుల కోసం ఫోన్లో రాసుకున్న జాబితా ఆయన చేతికిచ్చాను. అక్కడ మొదలైన వాదన ఆదివారం సాయంత్రం దాకా సాగింది. ఎవరి మాట వాళ్ళదిగానే రాస్తున్నాను.

మావయ్య: పులస, పనసపొట్టు కూర, పూతరేకులు, రోజ్‌మిల్క్, తాపేశ్వరం కాజా, బొంగులో చికెన్, పాపికొండలు. రెండు రోజుల్లో ఇన్నా తల్లీ? చదువుతుంటే కిరాణా చీటీలా ఉంది. ఊరు చూడ్డానికి వచ్చినట్టు లేదు.

నేను: ఊరిని మరి దేంతో చూడమంటారు మావయ్యా? గుడికెళ్తే భక్తి అంటారు, వీరేశలింగంగారి ఇల్లు చూసొస్తే చదువు అంటారు. తిండి దగ్గరికి వచ్చేసరికి చీటీ అయిపోయిందా? నాకు ఈ ఊరి గురించి అమ్మ చెప్పిన కబుర్లన్నీ తిండి కబుర్లే. అలా తెలుసుకున్న ఊరిని అలాగే వెతుక్కుంటాను.

మావయ్య: తిండిని తక్కువ చేయడం లేదమ్మా. నువ్వు రాసుకున్నవాటిలో చాలావాటికి ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. పనసపొట్టు కూర కార్తీకంలో వనభోజనాలకి, పెళ్ళిళ్ళకి. ఆవ పెట్టిన ఘాటు ముక్కుకెక్కుతుంటే పంక్తిలో కూర్చుని తినాలి. పాపికొండలకి చలికాలం వెళ్ళాలి. బొంగులో చికెన్ అసలు ఈ ఊరిది కాదు, మారేడుమిల్లి అడవిది. అక్కడి పచ్చి వెదురు, అక్కడి నిప్పులు. అన్నిటినీ ఒక్క శనాదివారాల్లో కుక్కేస్తే అన్నీ దొరుకుతాయి, కాకపోతే ఏదీ అది కాదు.

నేను: అడవి అంటున్నారు గానీ, ఆ అడవి వెదురు తెప్పలు కట్టుకుని ఈ నది మీదనే మీ ఊరికి దిగేదని మీరే చెప్పేవారు. నది తెచ్చినవన్నీ ఊరివే కదా. ఇక వేళ సంగతి. మీ కాపురం ఏడాది పొడుగునా ఇక్కడే. కార్తీకం మీ గుమ్మంలోకే వస్తుంది, నేను మాత్రం సెలవు పెట్టుకుని దానికి ఎదురెళ్ళాలి. నాకు దొరికే రెండు రోజులు ఏ మాసంలో పడాలన్నది నా చేతిలో లేదు. వేళ తెలిసినవాళ్ళే రావాలంటే ఈ ఊరికి ఈ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ రాలేరు.

మావయ్య వెంటనే జవాబివ్వలేదు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్లో ధవళేశ్వరం నీటిమట్టం చూసుకున్నారు. పది అడుగుల తొమ్మిది అంగుళాలు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఇళ్ళలో పిల్లలు ఎక్కాలతో పాటు ఈ మూడు అంకెలూ నేర్చుకున్నారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు ఆయన ఇంటికి రాకుండా గేట్ల దగ్గరే ఉండిపోయారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మావయ్య: నువ్వన్నది నిజమే, సెలవు నీ చేతిలో లేదు. కానీ గోదారి కూడా నీ సెలవు చూసుకుని పారదు కదమ్మా. 2019 సెప్టెంబరు 15 గుర్తుందా? ఆదివారం. వరద నీటిలో పాపికొండలకి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో హైదరాబాదు వాళ్ళున్నారు, వరంగల్ వాళ్ళున్నారు. నీలాగే సెలవు దొరికి వచ్చినవాళ్ళు. ఎర్రనీరు దిగాక పైకి బోటు కదలకూడదని ఈ గట్టు మీద పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు.

నేను: ఆ మాటతో తప్పు ఎవరి మీదకి వెళ్తోందో చూడండి మావయ్యా. వాళ్ళకి ఎర్రనీరంటే ఏం తెలుసు? టికెట్టు అమ్మారు, కొన్నారు. ఎక్కమన్నారు, ఎక్కారు. గట్టు మీద పిల్లాడికి తెలిసిన సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారు? వేళ తెలియకపోవడం వచ్చినవాళ్ళ నేరం కాదు. తెలిసీ చెప్పకపోవడం ఉన్నవాళ్ళది.

మావయ్య: అవును. అది మాదే.

ఇంత సూటిగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. వాదనలో గెలిచినట్టు కూడా అనిపించలేదు. పాపికొండలు జాబితాలోంచి కొట్టేశాను.

మధ్యాహ్నం ఆత్రేయపురం బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజి దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్ళాలి. అక్కడ ఒకరింటి వెనక వసారాలో పూతరేకులు తీస్తుంటే చాలాసేపు నిలబడిపోయాను. పీట మీద కూర్చున్న ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. ఎదురుగా బోర్లించిన కుండ, దాని అడుగున ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో పాలకన్నా పల్చగా జారే బియ్యప్పిండి. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బుతారట. చేతిలో జానెడు వెడల్పు పల్చటి గుడ్డ. దాన్ని పిండిలో తడిపి, రెండు చివరలూ పట్టుకుని కుండ వీపు మీద ఇటునుంచి అటు ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ దాటిన చోటల్లా తెల్లటి పొర నిలబడుతుంది. రెప్ప వేసి తీసేలోపు దాని అంచు లేస్తుంది. గోటితో పట్టి తీసి పక్కన పెడుతుంది. ఇంకో లాగు, ఇంకో రేకు. పైకెత్తి చూస్తే రేకు వెనక మంట కనిపించింది. ఒక్క నిమిషం కూడా చెయ్యి ఆగదు, చూపు తిరగదు. కుండ వేడి తగ్గితే రేకు అంటుకుపోతుంది, ఎక్కువైతే చిట్లిపోతుంది. ఆవిడ వేడిని చూసుకునేది మోచేతికి తగిలే సెగతో.

నేను: దీనికి వేళ ఏది మావయ్యా? 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవాళ ఈ ఊళ్ళో ఇన్ని ఇళ్ళలో ఆడవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులాడుతున్నాయంటే, నాలాగా జాబితా రాసుకుని వచ్చేవాళ్ళ వల్లే. మేం రాకపోతే ఇది ఇంటి పెళ్ళికి మాత్రమే చేసుకునే పిండివంటగా మిగిలేది. ఈ చెయ్యి నేర్చుకోవడానికి ఏ కూతురూ కూర్చునేది కాదు.

మావయ్య: ఇందులో నీతో పేచీ లేదు. రేకు ఎన్ని తీసినా గోదారికి తక్కువయ్యేదేం లేదు. బియ్యం ఏటా పండుతుంది, నెయ్యి ఏటా ఉంటుంది. ఎంతమంది వస్తే అంత మేలు. ఇంకో రెండు పెట్టెలు కొనుక్కో. మీ అత్తయ్యకి బెల్లంవి ఇష్టం.

నేను: అయితే వచ్చేవాళ్ళని రానివ్వాలన్నది ఒప్పుకున్నట్టే. ఈ గోదావరి లంకల్లోనే కదా డొక్కా సీతమ్మగారు పొయ్యి ఆర్పకుండా వండి వడ్డించింది. పడవ దిగి ఏ వేళప్పుడు ఎవరొచ్చినా విస్తరి వేసిందట. ఎందుకొచ్చావు, ఇప్పుడెందుకొచ్చావు అని ఎవర్నీ అడగలేదు. మీ ఊరి అసలు సంప్రదాయం అది.

మావయ్య: అడగలేదు. కానీ వచ్చినవాడికి ఏం కావాలో కూడా అడగలేదమ్మా. ఆ పూట ఇంట్లో ఉన్నది పెట్టింది. పప్పుంటే పప్పు, పచ్చడుంటే పచ్చడి. వచ్చినవాడు జాబితా తీస్తే ఆ తల్లి ఏం చేసేదో నాకు తెలీదు. అతిథికి కూడా ఒక ధర్మం ఉంది. ఇవాళ ఏముందండీ అని అడగడం.

ఈ మాట నాకు తగిలింది. జాబితా రాసుకున్నప్పుడు, ఇవాళ ఏముంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

తిరుగు దారిలో బ్యారేజి మీద బండి ఆపించారు. మొత్తం 175 గేట్లు. ఎత్తిన వాటి కిందనుంచి నీళ్ళు విరుచుకుపడుతుంటే కాళ్ళ కింద కట్ట సన్నగా వణుకుతోంది. పక్కనున్న మనిషి మాట వినపడాలంటే అరవాలి. దిగువన, సుడులకి దూరంగా, మూడు నాటు పడవలు వలలు వేసుకుని ఉన్నాయి.

మావయ్య: నీ జాబితాలో మొదటిది అదుగో, అక్కడుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస. గుడ్లు పెట్టడానికి గోదారిలోకి వచ్చి, ఎర్రనీటికి ఎదురీదాక పులస అవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా, అంతే. ఉప్పునీటి చేప మంచినీటికి ఎదురీదేసరికి దాని రుచి వేరవుతుందని జాలర్లు అంటారు. ఈ నీళ్ళలోకి వస్తున్నది ఊరికే రావడం లేదు. జనతో, అంటే గుడ్లతో వస్తోంది, ఇంకా పైకి పోవాలని.

నేను: వచ్చి ఇక్కడ ఆగిపోతుంది.

మావయ్య: ఇక్కడే. గేట్లెత్తినా ఆ ఉరవడికి ఎదురెక్కడం దానికి తేలిక కాదు. మామూలప్పుడు ఇనుప గోడే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ దాని దారికి మనం అడ్డం. దొరని తప్పుపట్టను. అంతకుముందు ఈ నేల మీద కరువుకి మనుషులు పిట్టల్లా రాలిపోయారు. 10 లక్షల ఎకరాలకి నీళ్ళిచ్చిన కట్ట ఇది. నువ్వు చూసొచ్చిన పూతరేకుకి బియ్యం ఈ కట్ట పెట్టినవే. 34 ఏళ్ళు ఆ గేట్లు ఎత్తాను, దించాను. అన్నం పెట్టిందీ ఇదే, చేప దారి మూసిందీ ఇదే. పైకి పోవడానికి దిక్కులేక కట్ట కింద తిరుగుతున్న చేపని వలవేసి పట్టి, గుడ్లతో సహా వండి నీకు పెట్టి, ఇదీ మా గోదారి రుచి అని చెప్పడానికి నాకు నోరు రాదమ్మా.

నేను: మరి ఆ పడవల్లో వాళ్ళు? ఏడాదిలో వాళ్ళకి గట్టిగా నాలుగు రాళ్ళు కళ్ళజూసేది ఈ మూడు నెలలే. మీరు కొనరు, నన్ను కొనొద్దంటారు. మీకు పింఛను వస్తుంది మావయ్యా. చేప మీద జాలి పడటం పింఛనున్న ఇంట్లో తేలిక.

మావయ్య: వాళ్ళ పొట్ట కొట్టమని నేననడం లేదు. చేపకి అంత ధర ఎందుకొచ్చింది? అరుదైపోయినందువల్ల. ఎంత అరుదైతే అంత ధర, ఎంత ధరైతే అంత వేట. మా చిన్నప్పుడు పులస అంటే ఖరీదైన చేపే గాని, వేలంపాట పాడుకునే వస్తువు కాదు. ఇప్పుడు పడవలో ఉన్నవాడు పదిసార్లు వల వేస్తే తొమ్మిదిసార్లు ఖాళీగానే వస్తుంది. ఈ ధర వాడిని బతికిస్తోందనుకుంటున్నావు. రేపు చేపే రాకపోతే వాడి కొడుకు ఏం పట్టుకుంటాడు? జన విడిచే రోజులు కొన్నాళ్ళు వదిలేసి, ఆ కొన్నాళ్ళకి వాళ్ళకి తిండి చూడాలి. అది నువ్వూ నేనూ ఒక చేప మానేస్తే తీరే సంగతి కాదు, తెలుసు. అయినా మానేశాను. పన్నెండేళ్ళయింది.

నేను: అత్తయ్య వండే పులస పులుసు గురించి మరి అంత గొప్పగా చెబుతారే!

అప్పుడు మావయ్య చెప్పిన తీరు అలాగే రాయాలి. ఆ చేపని మళ్ళీ తిననని ఒట్టు పెట్టుకున్న మనిషి కళ్ళు మూసుకుని చెప్పారు. మట్టి దాక. పిడకల మీద సన్నటి సెగ. చింతపండు పులుసులో నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, ముక్క చేయని లేత బెండకాయలు. గరిటె పెట్టకూడదు, దాకనే అంచులు పట్టి కుదపాలి. దించబోయే ముందు ఆవకాయ జాడీలో పైన తేలిన నూనె, వెన్నముద్ద. రాత్రి వండి మూత పెట్టేస్తే, మర్నాటి పొద్దుటికి ముక్క పులుసుని పూర్తిగా పట్టుకుంటుంది. అప్పుడు తినాలి.

నేను: ఆ రాత్రంతా సెగ చూసుకుంటూ కూర్చున్నదెవరు?

మావయ్య: మీ అత్తయ్యే.

నేను: పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. అమ్మేది ఎవరి మెళ్ళో పుస్తెలు? తినేది ఎవరు? ఆ సామెత విన్న ప్రతిసారీ నాకు ఇదే అనిపిస్తుంది. మీరు వేళ, వేళ అంటున్నారే, ఆ వేళ తప్పకుండా కాపలా కాసింది ఆడవాళ్ళు. కార్తీకంలో పనసకాయ చెక్కు తీసి చేతులంతా జిగురు పూసుకుని సన్నగా పొట్టు కొట్టింది వాళ్ళే. మీకు ఊరు రుచిగా గుర్తుంది. అత్తయ్యకి పొగగా గుర్తుండొచ్చు. గట్టు మీద బజ్జీ బండి నాకెందుకిష్టమో చెప్పనా? అక్కడ వండిన మనిషికి తిన్న మనిషి డబ్బిస్తాడు. ఇంట్లో అదీ లేదు.

బండి ఇంటికి చేరేదాకా మావయ్య ఇంకేం మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్నే చేపల మార్కెట్టుకి వెళ్ళాం. పులస కొనడానికి కాదు. ఒక్కసారి కళ్ళతో చూస్తానన్నాను, సరేనన్నారు. బేసిన్‌లో మూడు చేపలున్నాయి, వెండి రేకు చుట్టినట్టు మెరుస్తున్నాయి. "ఏ నీళ్ళదమ్మా?" అని మావయ్య అడిగారు. అమ్ముతున్న ఆవిడ ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూసింది. "ఒరిస్సా నుంచి ఐసులో వచ్చిందండీ. గోదారిదని చెప్పి అమ్ముకోవచ్చు, అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఆయ్, ఇంటికి కూర కావాలంటే బొమ్మిడాయిలు చూడండి. తెల్లారగట్ల పట్టినవి." బొమ్మిడాయిలే కొన్నాం. అడిగితే చెప్పింది. నిన్నటి రెండు మాటలూ నాకు అక్కడే కలిశాయి. అడగాల్సింది నేను, చెప్పాల్సింది ఊరు. ఆ వంటలో ఉల్లిపాయలు తరిగింది మావయ్య. కళ్ళు తుడుచుకుంటూ, పీట మీద కూర్చుని, ఒక పద్ధతీ లేకుండా తరిగారు. అత్తయ్య వాటిని మళ్ళీ సన్నగా చేసుకోలేదు, అలాగే వేసేసింది.

సాయంత్రం ముగ్గురం పుష్కర ఘాట్‌కి వెళ్ళాం. అత్తయ్య నలభై ఐదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది. పుష్కర స్నానాలకి వచ్చింది, కార్తీక దీపాలు వదలడానికి వచ్చింది. ఊరికే కూర్చోవడానికి రావడం ఇదే మొదలని ఆవిడే చెప్పింది. మెట్లు చాలావరకు మునిగిపోయాయి. పాత హేవ్‌లాక్ వంతెన స్తంభాల చుట్టూ నీళ్ళు మెలితిరుగుతున్నాయి. 1900 నుంచి 1997 దాకా రైళ్ళని మోసిన వంతెన. ఇప్పుడు దాని మీద కొంగలు వాలి ఉన్నాయి.

మావయ్య: రోజ్‌మిల్క్ మిగిలిపోయింది నీ జాబితాలో. స్టేషన్‌కి పోయే దారిలో తాగుదువుగాని. దానికి వేళ లేదు, మా తాతలనాటిదీ కాదు. కానీ ఎండాకాలం బడి వదిలాక మీ అమ్మా నేనూ ఒక గ్లాసు ఇద్దరం తాగేవాళ్ళం.

నేను: ఆ ఒక్కటీ జాబితాలో అమ్మ చెప్తేనే రాశాను.

మావయ్య: 2027లో మళ్ళీ పుష్కరాలు. అప్పుడు రాకు, జనం. ఆ ఏడు కార్తీకంలో రా. సెలవు దొరక్కపోతే చెప్పు, నీకు ఏ రెండు రోజులు దొరుకుతాయో ఆ రెండు రోజుల్లో ఏం ఉంటుందో నేను ముందే రాసి పంపిస్తాను.

అత్తయ్య టమాటా బజ్జీ రెండో ప్లేటు చెప్పింది. బండావిడ బజ్జీని నిలువుగా చీల్చి, లోపల ఉల్లిపాయ ముక్కలు, వేయించిన వేరుశెనగపప్పు కూరి, నిమ్మకాయ పిండి అందించింది. అందిస్తూనే నది వైపు చూసింది. మేం వచ్చినప్పుడు పైకి కనిపించిన మెట్టు ఇప్పుడు కనిపించడం లేదు. స్టవ్ మంట తగ్గించి, చక్రాల కింద రాళ్ళు తీసింది. మావయ్య లేచి వెళ్ళి బండికి ఒక వైపు పట్టుకున్నారు. నేను రెండో వైపు పట్టుకున్నాను. నాలుగు గజాలు వెనక్కి, రోడ్డు వారగా తోశాం.

"రేపు ఇక్కడుండనండీ," అంది ఆవిడ రాళ్ళు మళ్ళీ సర్దుకుంటూ. "నీళ్ళు ఇంకా ఎక్కుతాయి. పైన గుడి సందులో ఉంటాను. వస్తే అక్కడికి రండి."